సూపర్‌వైజర్ మీద కాలిప్సో చరణం

కాలిప్సో గురించి నాకున్న జ్ఞానం మూడు వీడియోల పాటిది. ఆ మాత్రంతో ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టవచ్చని అప్పటికి తెలియదు.

ఈ పరాయి దేశంలో, బెడోక్ దగ్గర పార్కులో మా తెలుగువాళ్ల వనభోజనాలకు జానపదం పాడటానికి క్రాంజీ వర్కర్ల హాస్టల్ నుంచి ఒక అన్న వచ్చేవాడు. శ్రీకాకుళం మనిషి, షిప్‌యార్డులో వెల్డర్. నేను బ్యాంకులో కోడ్ రాస్తాను. గిటారూ అలాగే వాయిస్తాను, ఎక్కడో ఒక బగ్ ఉంటుంది. కరీబియన్ దీవుల కాలిప్సో లయను ఒకప్పుడు అమెరికా జానపద గాయకులు ఎత్తుకుపోయారు కదా, మన ఊడుపుల పాటకూ తగిలిద్దామనిపించింది. అన్నకు పది నిమిషాల్లో లయ పట్టుబడింది. నాకింకా పట్టుబడలేదు.

"ఇంకో రూలుంది అన్నా. పాడుతూనే ఎదురుగా కూచున్న పెద్దమనిషి మీద అప్పటికప్పుడు చరణం కట్టి వెక్కిరించాలి."

"ఓస్, అంతేనేటి? పెళ్లిలో వియ్యంకుణ్ణి ఎన్నిసార్లు ఏడిపించలేదు!"

నా ఉద్దేశం అసోసియేషన్ ప్రెసిడెంట్ అంకుల్. ఆయనకు కోపమొస్తే మహా అయితే పులిహోర తక్కువ పడుతుంది. ఆ సంగతి పైకి చెప్పలేదు. చెప్పాల్సింది.

ఆ ఆదివారం ముందు వరుసలో అన్న పనిచేసే షిప్‌యార్డు సూపర్‌వైజర్ కుటుంబంతో సహా కూర్చున్నాడు. రెండు వారాల్లో అన్న వర్క్ పర్మిట్ గడువు ముగుస్తుంది, ఈయన సరేనంటేనే మళ్లీ ఇస్తారు. ఈ ముక్క అన్న నాకు స్టేజి ఎక్కుతూ చెప్పాడు, వాన పడేలా ఉందన్నంత తేలిగ్గా.

రెండో చరణం మొదలైంది.

"ఎండలోన మేముంటే ఏసీలోన కూకుంటాడు,
సెమట మాది, తుడుసుకునే తువ్వాలేమో తనదంటాడు!"

జనం ఘొల్లుమన్నారు. ముందు వరుసలో ఎనిమిదేళ్ల పిల్ల తండ్రి చొక్కా లాగి ఇక్కడి ఇంగ్లీషు యాసలో అరిచింది. "డాడీ, దట్స్ యూ లా!"

డాడీ నవ్వలేదు. నేను కళ్లతో, కనుబొమ్మలతో, చివరికి గిటార్ మెడతో ఆపమని సైగ చేశాను. అన్న దాన్ని ప్రోత్సాహమనుకుని మూడో చరణం అందుకున్నాడు.

పాట అయ్యాక సూపర్‌వైజర్ నేరుగా మా దగ్గరికొచ్చాడు. "నా మీద పాట కట్టమన్నదెవరు?"

"నేనే సార్," అన్నాను. "కాలిప్సోలో అలా ఆచారం."

"ఏ ఊరి ఆచారం?"

"ట్రినిడాడ్ దీవిది, సార్."

"అయితే వెల్డింగుకీ అక్కణ్ణుంచే రప్పించుకుంటాం." ప్లేటు పట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత రోజుల్లో ఫోన్ మోగితే చాలు, అన్న ఎయిర్‌పోర్టులో పెట్టెతో నా కళ్లముందు కనిపించేవాడు. ఆఫీసులో నా కోడ్‌లో మామూలుకన్నా ఎక్కువ తప్పులు దొర్లాయి. మేనేజర్‌కు తేడా తెలియలేదు.

పదకొండో రోజున వాయిస్ మెసేజ్.

"తమ్ముడూ, పర్మిట్ మళ్లీ ఇచ్చీసినారు. కానీ ఆ సూపర్‌వైజరు నన్ను ఓడ అడుగు పనిలోకి మార్సినాడు. రోజంతా ఎల్లకిలా పడుకుని వెల్డింగు. బాధేటి లేదులే, ఇక్కడ ఇంకో రెండు సరణాలకి సరుకు దొరికింది."

వద్దన్నా అని టైప్ చేస్తుండగానే మొదటి చరణం వచ్చేసింది.