ప్రతి చుక్కలోనూ అదే ప్రాణి

వీధిలో ఆవిణ్ణి అందరూ అద్దాలక్క అంటారు. కళ్లజోడు పెట్టుకుంటుందని కాదు. కాలేజీల్లో, ఆసుపత్రుల్లో పాడైన మైక్రోస్కోపులు బాగుచేయడం ఆమె వృత్తి. వానలు పట్టాయంటే ఆమెకు ఊపిరాడదు. తేమకు లెన్సుల లోపల బూజు పడుతుంది. ఒక మూల నలుసంత మొదలై, ఎవరూ చూడనప్పుడు సాలెగూడులా అద్దమంతా పాకుతుంది. వేలితో తడిమితే ఏమీ తగలదు. అద్దాలక్క దాన్ని దూదీ స్పిరిటూ పెట్టి తుడుస్తూ కూర్చుందంటే, పాకడం నేర్చిన కూతురు వచ్చి కాలు పట్టుకుంటే తప్ప తలెత్తదు.

ఆ పని తిండి పెడుతుంది. ఆమె ప్రాణం మాత్రం సాయంత్రాల మీద ఉంటుంది.

పొద్దు వాలే వేళకు నీళ్ల ఫిల్టర్లు అమ్మే కొట్టు అరుగు మీద బల్ల వేస్తుంది. ఎవరెవరో పారేసిన భాగాలు ఏరుకొచ్చి బిగించుకున్న మైక్రోస్కోపు, పక్కన ఒక అట్టముక్క: ‘ఊరికే చూడొచ్చు’. దారిన పోయేవాళ్లు ఉల్లిపొర తెస్తారు, ఈగ రెక్క తెస్తారు, ఇంట్లో నీళ్లు తెస్తారు. చూసింది ఏమిటో ఆమె విడమరిచి చెబుతుంది. పైసా పుచ్చుకోదు.

“ఊరందరికీ ఊరికే చూపిస్తావు. కట్టుకున్నవాడికి నీ మొహం కూడా సరిగా చూపించవు” అంటాడు మొగుడు.

“డబ్బు తీసుకుంటే ఇచ్చినవాడికి ఇష్టమైందే చూపించాలి. అది నాకు చేతకాదు” అంటుంది ఆమె.

అరుగూ, దీపానికి కరెంటూ ఫిల్టర్ల కొట్టాయనవి. ఆయన కూడా ఊరికే ఇచ్చాడు. ఆమెను చెల్లెమ్మా అంటాడు, కూతురికి బిస్కెట్ ఇస్తాడు.

ఒక సాయంత్రం రిటైరైన కండక్టర్ తాతయ్య కుండలో నీళ్లు చిన్న సీసాలో పోసుకొచ్చాడు. ఆమె డ్రాపర్‌తో ఒక చుక్క గాజుపలక మీద వేసింది. ఆయన వంగి ఒక కన్ను పెట్టి, చటుక్కున తల తీశాడు.

“అమ్మాయ్, ఇది నన్నే చూస్తోందే!”

ఆమె చూసింది. జలగలా సాగుతూ ముడుచుకుంటూ ఒక ప్రాణి నడుస్తోంది. తోక అంటించి నిలబడింది. తల విచ్చుకుంది, దాని మీద రెండు చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. చక్రాల కింద రెండు ఎర్రటి చుక్కలు.

“చక్రాల పురుగు తాతయ్యా. వాటికి వెలుతురూ చీకటీ తెలుస్తుంది, అంతే. హాని చెయ్యదు.”

“పోనీ, నేను దానికి వెలుతురునా, చీకటినా?”

అందరూ నవ్వారు. తర్వాత ఎదురింటి టైలరమ్మ తెచ్చిన నీళ్లలోనూ అదే ప్రాణి కనిపించింది. సొంత బోరు ఉన్న మూలింటివాళ్ల నీళ్లలోనూ అదే. అదే ఎర్రచుక్కలు, అదే నడక, అదే పొడవు. ఒక సీసాలోంచి ఇంకో సీసాలోకి అది తమ వెంటే వస్తున్నట్టుంది. మూడో రోజుకి అరుగు ముందు వరస పెరిగింది. నవ్వేవాళ్లు తగ్గారు. ఒక్కొక్కరూ వంగడం, చూడడం, పక్కకు జరగడం. ‘హాని లేదు’ అని ఆమె చెబుతూనే ఉంది. రెండు ఎర్రకళ్లను చూసి వచ్చినవాడి చెవికి ఆ మాట ఎక్కుతుందా?

అద్దాలక్క లెన్సులన్నీ విప్పింది. తుడిచింది. బిగించి, మళ్లీ విప్పి తుడిచింది. అద్దాలు తళతళలాడుతున్నాయి. అద్దంలో తప్పు లేదు కాబట్టి నీళ్లలోనే ఉందని తేల్చుకుంది. అద్దాలతో బతికే మనిషి కదా, ఇంకెక్కడా వెతకాలని తోచలేదు.

వీధి మారిపోయింది. కుళాయి దగ్గర గోల లేదు. టైలరమ్మ పిల్లలకు నీళ్లు కొలిచి పోస్తోంది. కొట్లో ఫిల్టర్లు అయిపోయి, మళ్లీ వచ్చి, మళ్లీ అయిపోయాయి. కొట్టాయన ఒక పెద్ద టీవీ తెర తెప్పించాడు.

“మైక్రోస్కోపుకి తగిలిద్దాం చెల్లెమ్మా. రోడ్డంతా చూస్తుంది. నీ బల్లకి ఇంక ఢోకా లేదు, బతికినంత కాలం ఊరికే చూపించుకో!”

ఆమె సంతోషపడాల్సింది. ఎందుకో ఆ తెర వంక చూడబుద్ధి కాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో కూతురి సీసాలోంచి ఒక చుక్క తీసింది. తను దగ్గరుండి మరగబెట్టిన నీళ్లు. మైక్రోస్కోపు కింద పెట్టింది.

అది తల విప్పి చక్రాలు తిప్పుతోంది.

“అత్తయ్యా, పాపకి ఈ నీళ్లు పట్టారా?”

“ఇప్పుడేగా పట్టాను. ఏం?”

“ఎక్కడివి?”

“ఎక్కడివేమిటే? నువ్వు పొద్దుట కుతకుతా మరిగించి చచ్చినవేగా!”

కూతురు నేల మీద పాకుతూ, ఒళ్లు సాచి, ముడుచుకుని, సాచి దగ్గరికొస్తోంది. ఒక్క క్షణం ఆమె కూతురి వంక చూడలేకపోయింది.

మళ్లీ మరిగించింది. కనిపించింది. లెన్సులు కడగడానికి దాచుకున్న సీలు వేసిన నీళ్లసీసా విప్పింది. అందులోనూ ఉంది. మరిగితే బతకనిది, మూతలోంచి దూరలేనిది, ఆమె ఎక్కడ చూస్తే అక్కడ ఉంది.

“ఏ నీళ్లు తీసుకున్నా వస్తోంది అత్తయ్యా.”

“అయితే అది నీళ్లలో లేదు, నీ దగ్గరే ఉంది” అని అత్త విసుక్కుంటూ పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది.

అద్దాలక్క చేతిలో డ్రాపర్ ఉంది. దాన్ని పక్కన పెట్టి, సీసాలోంచి చెంచా కొసతో ఒక చుక్క వేసింది. చూసింది. ఖాళీ. మరో చుక్క. ఖాళీ. అప్పుడు డ్రాపర్ చివరి రబ్బరు బుడ్డి ఊడదీసి, తడిపి, గాజుపలక మీద పిండింది.

గుంపు. ఒకదాని మీద ఒకటి, అన్నీ ఒకలాగే, అన్నీ ఎర్రచుక్కలతో.

వానలు మొదలైన కొత్తలో డాబా గోడ మీది నాచు నీళ్లను ఆ డ్రాపర్‌తోనే పీల్చింది. అప్పుడు దూరాయి. వీటిలో మగదాన్ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు. ఒక తల్లి, దాని కూతుళ్లు, ఆ కూతుళ్ల కూతుళ్లు, అచ్చు గుద్దినట్టు. బుడ్డి ఎండితే ధూళిలా ముడుచుకుని పడుంటాయి. తడి తగిలితే లేస్తాయి. ఇవన్నీ ఆమె చదువుకున్నవే. ప్రతి సాయంత్రం ఒక్కో ఇంటి నీళ్లతో వాటిని తనే నిద్రలేపింది.

ఈ సంగతి ముందుగా కొట్టాయనకు చెప్పింది. ఆయన కొత్త తెర అంచు నిమిరాడు.

“డ్రాపర్ మార్చెయ్” అన్నాడు మెల్లగా. “ఫిల్టర్ పెట్టుకున్నాక పురుగులు పోయాయనుకుంటారు. నిన్నేం అబద్ధం చెప్పమనడం లేదు చెల్లెమ్మా. నోరు మూసుకుంటే చాలు.”

“పెట్టుకోలేనివాళ్ల సంగతి?”

“వాళ్లవి కూడా శుభ్రంగానే కనిపిస్తాయిగా. ఎవరికి నష్టం? ఈ అరుగు లేకపోతే నీ బల్ల ఎక్కడ వేస్తావో ఆలోచించుకో.”

ఆమె ఆలోచించుకుంది. అబద్ధం కాదు, నిజమే. ఆ మాట ఎంత మెత్తగా ఉందంటే, దీపం వెలిగించి బల్ల సర్దేదాకా ఆమె దాన్ని నమ్ముతూనే ఉంది.

వరసలో ముందు కండక్టర్ తాతయ్య ఉన్నాడు. పెదాలు పగిలిపోయాయి.

“తాతయ్యా, నీళ్లు తాగుతున్నారా?”

“గుక్కెడు. కళ్లు మూసుకుని మింగుతున్నానమ్మాయ్. లోపల తిరుగుతున్నట్టే ఉంటుంది.”

అద్దాలక్క డ్రాపర్ పైకెత్తింది.

“అందరూ వినండి. మీ నీళ్లలో లేవు. ఇందులో ఉన్నాయి. నేను కడగలేదు. తప్పు నాది.”

వరస చెదిరి బల్ల చుట్టూ మూగింది.

“మరి నా పిల్లలు?” అంది టైలరమ్మ. “గుక్కలు లెక్కపెట్టి పోశానే! నువ్వు చదువుకున్నదానివని నమ్మి పోశానే!”

“నమ్మకండి. వచ్చి చూడండి.”

రబ్బరు బుడ్డిని గాజుపలక మీద పిండుతుండగా దీపం ఆరిపోయింది. కొట్టాయన ప్లగ్గు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అద్దాలక్క మైక్రోస్కోపు అడుగున ఉన్న చిన్న అద్దాన్ని ఆకాశం వైపు తిప్పింది. మిగిలిన వెలుతురు అందులోకి దిగింది. తాతయ్య వంగాడు. మసక వెలుతురులో అవి కదులుతూ ఉండాలి, ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

ఆమె డ్రాపర్ ముట్టకుండా, ఆయన సీసాలోంచే చెంచాతో మరో చుక్క వేసింది. ఆయన చూశాడు. ఖాళీ వెలుతురు తప్ప ఏమీ లేదు. తల ఎత్తి, సీసా మూత తీసి, గటగటా తాగేశాడు.

వీధి వీధంతా ఆయన గొంతు వంకే చూస్తూ నిలబడింది. ఏదో అవుతుందన్నట్టు.

ఇప్పుడు బల్ల బస్టాప్ గోడ పక్కన ఉంటుంది. పొద్దు ఉన్నంతసేపే పనిచేస్తుంది. మబ్బు పడితే ఎత్తేస్తుంది. వచ్చేవాళ్లు సగమయ్యారు. టైలరమ్మ ఇంకా రాలేదు. వచ్చినవాళ్లు కూర్చునే ముందు ఆమె చేతులు చూస్తారు, చెంచా కడిగావా అని అడుగుతారు. కడిగే ఉంటుంది. అయినా వాళ్ల కళ్ల ముందు మళ్లీ కడుగుతుంది. ముందు సీలుసీసా నీళ్లతో ఉత్త చుక్క వేసి, ఖాళీగా ఉందని చూడమంటుంది. వాళ్లు అద్దంలోకి వంగి, ఏమీ లేని ఆ వెలుతురులో ఎర్రచుక్కల కోసం వెతుకుతుంటే, ఏం కనిపించిందని అడగకుండా ఆమె చెంచా మరోసారి కడుగుతుంది.