ఉసేనప్ప పద్యానికి మూడు వన్స్ మోర్లు

కర్నూలులో ఒక ప్రైవేటు స్టూడియోలో నేను చీఫ్ సౌండ్ ఇంజనీరుగా పనిచేసిన చివరి ఏడాది ఈ పని నా మీద పడింది. చీఫ్ అన్న మాటే గానీ నా కింద ఎవరూ లేరు. ఆలూరు వైపు ఒక నాటక సంఘం మూతపడి, దాని స్పూలు టేపులన్నీ గోనెసంచుల్లో మా దగ్గరికి వచ్చాయి. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, నటుల కుటుంబాలకు కాపీలు పంచాలి.

పాత టేపును తెచ్చీ తేగానే వాయించకూడదు. ముందు నెమ్మదిగా ఒకసారి ఈ చక్రం నుంచి ఆ చక్రానికి చుట్టాలి. వాయించేటప్పుడు టేపు మీది గోధుమరంగు పూత రాలి, శబ్దాన్ని అందుకునే హెడ్డుకు అంటుకుంటుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో దాన్ని తుడుస్తూ ఉండాలి. ఓపిక ఉన్నవాడికి ఇదేమంత కష్టం కాదు.

ఉసేనప్ప టేపు దగ్గరే నా బుర్ర తిరిగిపోయింది. ఆయన పౌరాణిక పద్యాలకు పేరుమోసిన నటుడు, పోయి చాలా ఏళ్లయింది. మా సీమలో పద్యం నచ్చితే జనం వన్స్ మోర్ అని అరుస్తారు. చచ్చిపడి ఉన్న పాత్ర అయినా సరే, లేచి మళ్లీ పాడి పడుకోవలసిందే. ఈ టేపులో ఒకే పద్యానికి మూడు వన్స్ మోర్లు పడ్డాయి. పాడిన ప్రతిసారీ శ్రుతి కాస్త పైకి పోయింది. ఉత్సాహం అనుకుందామంటే, వెనకున్న హార్మోనియం కూడా ఆయనతోపాటే పైకి పోతోంది. హార్మోనియం మెట్టుకూ మెట్టుకూ మధ్య పలకదు. ఇది పలుకుతోంది!

యంత్రం విప్పాను, బెల్టు మార్చాను, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. చివరికి తట్టింది. రికార్డు చేసింది బ్యాటరీల యంత్రం మీద. బ్యాటరీలు నీరసించే కొద్దీ అప్పుడు టేపు మెల్లగా నడిచింది. అలాంటి టేపును మామూలు వేగంతో వాయిస్తే గొంతు సన్నబడుతుంది.

ఎక్కుతున్న శ్రుతిని కంప్యూటరులో సమం చేశాను. కానీ బ్యాటరీలు మొదటి నుంచే నీరసంగా ఉండి ఉంటే? అప్పుడు పద్యం మొత్తాన్నీ ఇంకా కిందికి దించాలి, ఎంతో తెలియదు. హార్మోనియాన్ని ఒక మెట్టు దించినా, రెండు దించినా, మూడు దించినా అది సరిగ్గానే పలుకుతుంది. ఉసేనప్ప మాత్రం మెట్టుకొక మనిషి అవుతున్నాడు. ఇందులో అసలాయన ఎవరో నాకు పాలుపోలేదు. తప్పు గొంతు పంచితే ఇక అదే ఆయన గొంతుగా మిగిలిపోతుందని భయం వేసింది.

ఆయన కూతురు మస్తానమ్మను పిలిపించాను. తల్లి పీరమ్మను వెంటబెట్టుకుని వచ్చింది. తండ్రి పోయేనాటికి మస్తానమ్మ చంటిపిల్ల. ఈ టేపు నుంచే ఎవరో తీసిన క్యాసెట్టు వింటూ పెరిగింది. మూడు రకాలూ వినిపిస్తే మూడూ కాదంది.

"మా నాయన గొంతు సన్నం సార్. మా ఊర్లో ఎవుర్నన్నా అడుగు. ఈయన ఎవరో ముసలాయన మాదిరి ఉండాడు. మా నాయన్ను చెడగొట్టొద్దు."

ఊరంతా ఆ క్యాసెట్టే విన్నప్పుడు ఊరి సాక్ష్యం నాకేం పనికొస్తుంది? అలాగని కూతురి మాట తీసెయ్యడానికి నేనెవర్ని? ఏం చెయ్యాలో తెలియక, మూడు మెట్లు దించినది మళ్లీ పెట్టాను. గోడవార కుర్చీలో కూర్చున్న పీరమ్మ లేచి నిలబడి, పైట తల మీదికి లాక్కుంది.

"ఈయనే" అంది.

మస్తానమ్మ తల్లి మీదికి తిరిగింది. "ఇన్నేండ్లు ఆ క్యాసెట్టు నువ్వూ ఇంటివి కదమ్మా! ఒక్కనాడన్నా చెప్తివా?"

"నువ్వు దాన్ని పట్టుకోని ఏడుస్తాంటివి. అది మీ నాయన కాదని ఎట్ల చెప్పేది?"

మస్తానమ్మ కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది.

"రెండూ ఇయ్యి సార్. అది మా నాయనది. ఇది మాయమ్మ మొగునిది."

హార్మోనియం ఏయే గొంతులు కుదురుతాయో చెప్పగలదు గానీ, వాటిలో ఏది నిజమో చెప్పలేదని ఆ రోజు నాకు తెలిసింది. ఆ తర్వాత ఉద్యోగం దిగేదాకా, వేగం సరిచేసిన ప్రతి టేపుతోపాటు సరిచేయని కాపీ కూడా ఇచ్చాను. ఏది అసలని ఎవరైనా అడిగితే, ఇంట్లో పెద్దావిడను అడగమనేవాణ్ని.