గురక వింటేనే సిద్దమ్మకు నిద్ర

ముదిగుబ్బ పక్క పల్లెలో సిద్దమ్మక్కంత గొప్ప కాపలాదారు ఇంకొకరు లేరు. ఆమె కాపలా కాసింది మొగుడి గురకకు.

ఆమె మొగుడు, గొర్రెలు మేపే కుళ్లాయప్పన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నిద్రలో ఊపిరి ఆగుతోందని, ఇలాగే వదిలేస్తే పక్షవాతం మళ్లీ రావచ్చని చెప్పి, డాక్టరు ముక్కుకు మాస్కు పెట్టే గాలి మిషను ఇచ్చాడు. రోగులు అది పెట్టుకుంటున్నారో లేదో ఇళ్లకు వెళ్లి చూడటం నా ఉద్యోగం. మహా ఉద్యోగం! మిషనుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ అన్నీ అమిరాయి. ఇక ముక్కు సంగతే తేలాలి.

"దినామూ పెడతాండాం మేడమ్, దేవునిమీదొట్టు" అంది సిద్దమ్మక్క.

మిషనుకు ఒట్లు తెలియవు కదా, లెక్క చూపించింది. రాత్రికి ఒక గంట. నెలంతా అంతే.

"నేను పెట్టుకుంటాండా. నిద్రపట్టినాక ఇదే పీకేస్తాది" అన్నాడు కుళ్లాయప్పన్న పెళ్లాన్ని చూపించి, గోడవైపు తిరిగి.

నాకు ఒళ్లు మండింది. "ఏమక్కా, ఆయన బతకడం నీకు ఇష్టం లేదా?" అనేశాను. అనకూడని మాట.

ఆమె కళ్లు నిండాయి. "ముప్పై ఏండ్లు చేన్లల్లో మంద పక్కనే పండుకున్న్యాం మేడమ్. చీకట్లో ఆయప్ప గురక ఇనపడితే ఉండాడని ధైర్యం. ఇది పెడితే సప్పుడే లేదు. ఉండాడో పోయినాడో నాకెట్ల తెలుస్తాది?"

సంగటి తిన్నాక ఆయన మాస్కు లేకుండా కునుకు తీశాడు. గురక మొదలవగానే సిద్దమ్మక్క ముఖం వికసించింది. "అది ఆగినప్పుడు లెక్కపెట్టక్కా" అన్నాను. కాసేపటికి గురక ఆగింది. దొడ్లోకి పోయే గొర్రెలను లెక్కపెట్టినట్టే వేలు ఆడిస్తూ మొదలుపెట్టింది. పది. ఇరవై. ఇరవై ఐదు దగ్గర ఆయన ముఖం మీదికి వంగింది. ముప్పైకి ఆయన ఉలిక్కిపడి గాలి పీల్చుకున్నాడు.

"నేను హాయిగా పండుకున్నప్పుడంతా ఇట్లనే ఊపిరి ఆగతాండెనా?" అంది.

తనే మాస్కు తెచ్చి తగిలించింది. ఆమె చెయ్యి తీసి ఆయన రొమ్ము మీద పెట్టాను. అది లేస్తోంది, దిగుతోంది.

మరుసటి నెల మిషను రాత్రికి ఏడు గంటలు చూపించింది. మా ఆఫీసు ఆ ఘనతను తన ఖాతాలో రాసేసుకుంది. కుళ్లాయప్పన్నకు మాత్రం కొత్త కష్టం.

"మాస్కు ఓర్చుకుంటా మేడమ్. రాత్రంతా రొమ్ముమీద దీని చెయ్యే బరువు."

"అయితే తీసెయ్యమని చెప్పనా అన్నా?"

"ఉండనీలే" అంటూ ఆయన మళ్లీ గోడవైపు తిరిగాడు.