రెండు పైపుల వెనక గది

మొన్న ఢిల్లీ పక్కన ఇందిరాపురంలో రక్తపరీక్షకు వెళ్ళాను. ల్యాబులో పనిచేసే అమ్మాయి మోచేతి మడతలో స్పిరిట్ దూది రుద్దగానే, నా కుడిచేతి బొటనవేలు తనంతట తానే కదిలింది. రెండు మూడుసార్లు, లేని బటన్ నొక్కుతున్నట్టు. "డరో మత్ దీదీ, బస్ ఏక్ సెకండ్" అంది ఆ అమ్మాయి. భయం వల్ల కాదు, ఆ స్పిరిట్ వాసన వల్ల. అందరికీ అది ఆసుపత్రి వాసన. నాకు మాత్రం నోయిడాలో ఒక మేడ మూడో అంతస్తు, ఉదయం తొమ్మిదిన్నర, పద్నాలుగు మంది తలలు వంచుకుని ఎవరి గేము కంట్రోలర్ వాళ్ళు స్పిరిట్ దూదితో తుడుచుకుంటున్న గది. ఆ తుడిచే నియమం పెట్టింది రాధిక మేడమ్.

ఆవిడ నా మొదటి ఉద్యోగంలో నా పై అధికారి. మా పని వీడియో గేములు ఆడటం. విదేశాల్లో సగం తయారైన గేములు మా దగ్గరికి వచ్చేవి. మేము రోజంతా ఆడి వాటిలో తప్పులు పట్టాలి. నేను నిజానికి గేములతో పాటు ఇచ్చే చిన్న పుస్తకాలు రాసే పనికి దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూలో నాలుగు మాటలకు మించి నోరు పెగల్లేదు. ఆవిడ నా రాతపరీక్ష కాగితం చదివి, రాయడానికి కాకుండా ఆడటానికి తీసుకుంది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. మా నాన్న సెంట్రల్ సెక్రటేరియట్‌లో సెక్షన్ ఆఫీసరు. వైశాలిలో మా అపార్టుమెంటు వాళ్ళు అడిగితే "సాఫ్ట్‌వేర్‌లో ఉంది" అని క్లుప్తంగా చెప్పి మాట మార్చేవారు. అమ్మకు ఆ మొహమాటం లేదు. పొద్దున్నే డబ్బా సర్దుతూ, "తొందరగా వెళ్ళవే, ఆటకి ఆలస్యమైపోతుంది" అనేది.

మెట్రో ఇంకా మావైపు రాని రోజులు. చార్టర్డ్ బస్సులో ఎక్కే చోట ఎక్కి దిగే చోట దిగడం తప్ప, ఒక స్టాపు ముందుగానైనా నేను ఎన్నడూ దిగి ఎరగను. తెలియని వీధిలో ఎవరినీ దారి అడగలేకపోయేదాన్ని. అలాంటి నన్ను కూర్చోబెట్టిన గేము చూడండి. ఒళ్ళంతా లోహపు కవచం తొడుక్కున్న ఒక స్త్రీ, మనుషులు లేని గ్రహం మీద పాడుబడిన పరిశోధనా కేంద్రంలో ఒంటరిగా దిగుతుంది. చేతిలో తుపాకి. గాజు పెంకుల పురుగులు గోడల మీంచి దూకుతాయి. కాల్చడం నాకు రెండు రోజుల్లో వచ్చేసింది. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం ఎవరూ చెప్పరు. బాణం గుర్తు లేదు, సలహా లేదు. తెరుచుకోని తలుపులు, అందనంత ఎత్తులో గట్లు. మూడు రోజులు అవే నాలుగు గదుల్లో తిరిగాను. నాలుగో రోజు ఇది గేములో తప్పేమోనని రిపోర్టు రాసి ఆవిడకు ఇచ్చాను.

ఆవిడది కరీంనగర్. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు ఎప్పుడూ నెత్తి మీదే ఉండేది. అందరితో హిందీలో మాట్లాడేది, నాతో ఒక్కదానితోనే తెలుగు. రిపోర్టు చదివి నవ్వలేదు. కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చుంది.

"పుస్తకాలు సదువుతవు కదా, నీ సంచిల సూసిన. పుస్తకంల ఏమైతది? రాసినాయన చెయ్యి పట్టుకొని తీస్కపోతడు. ఈడ పట్టుకునెటోడు లేడు. ఈ తలుపు ఇయ్యాల తెర్చుకోదు, ఇడిచిపెట్టు. పది గంటలు ఆడినంక ఏడనో ఒక కొత్త శక్తి దొరుకుతది. అప్పుడు ఎవ్వరు చెప్పకుండ నీకే ఈ తలుపు యాదికొస్తది సూడు. గదే మజా."

నాకు నమ్మకం కుదరలేదు. దారి తెలియకపోవడంలో మజా ఏముంటుంది? ఆ సంగతే ఇంటికి వెళ్ళి డైరీలో రాసుకున్నాను. మరో వారానికి, నీటి అడుగున ఒక గదిలో, రెట్టింపు ఎత్తు ఎగరగలిగే బూట్లు దొరికాయి. దొరికిన మరుక్షణం, ఎక్కడో మొదటిరోజు నేను తలెత్తి చూసి వదిలేసిన గట్టు కళ్ళ ముందు కదిలింది. నన్ను ఓడించిన చోటికి నేనే దారి వెతుక్కుంటూ వెనక్కి పరిగెత్తాను. దారిలో పురుగులు మీద పడుతుంటే నవ్వు వచ్చింది. ఆ గట్టెక్కి నిలబడ్డాక తల తిప్పి చూస్తే ఆవిడ తన సీట్లోంచి నన్నే చూస్తోంది. వెంటనే కళ్ళజోడు దించుకుని ఏదో చదువుతున్నట్టు కూర్చుంది.

రిపోర్టులు రాయడం దగ్గర మాత్రం ఆవిడ నన్ను చాలా సతాయించింది. నా రిపోర్టులు ఉత్తరాల్లా ఉండేవి. గోడ అవతల ఏదో ఉన్నట్టు అనిపించిందనీ, ఆ వెలుతురులో దిగులుందనీ రాసేదాన్ని. వాటిని వరసగా కొట్టేసేది. "ఏం చేసినవ్, ఏం జరిగింది, ఏం జరగాల్సి ఉండె. మూడే ముక్కలు. నీకేమనిపించిందో ఆ గేము చేసెటోళ్ళకెందుకు?" మూడు నెలల్లో దిద్దుబాటు లేని పెద్ద రిపోర్టు ఒక్కటైనా రాయకపోతే నా ఉద్యోగం ఖాయం కాదు. అది ఆవిడా చెప్పింది, కాగితం మీదా ఉంది. అప్పటి నుంచి అనిపించినవన్నీ డైరీకి, జరిగినవన్నీ ఆఫీసుకు పంచడం నేర్చుకున్నాను.

ఇంకో నియమం కూడా ఉండేది. ప్రతి సీటు దగ్గరా ఒక రికార్డరు, అందులో మేము ఆడేదంతా ఎక్కే టేపు. తప్పు కనబడితే టేపులో అది ఎన్నో నిమిషమో రిపోర్టులో రాయాలి. టేపులో ఆ నిమిషం చూడనిదే ఆవిడ ఏ రిపోర్టూ ముందుకు పంపేది కాదు. తప్పును గేము తయారుచేసేవాళ్ళు సరిదిద్ది తిరిగి పంపాక, రిపోర్టు రాసినవాళ్ళే మళ్ళీ ఆడి సరైందో లేదో చూసి దాన్ని మూసెయ్యాలి. ఆ తరవాత టేపును చెరిపి మళ్ళీ వాడుకునే డబ్బాలో వేసేవాళ్ళం.

రోజూ భోజనం అయ్యాక ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకుని పది నిమిషాలు మా గేమే ఆడేది. ఆవిడ సీటు గోడ వైపు, వీపు గోడకే ఉండేది కనక తెర ఎవరికీ కనబడదు. చేతులు మాత్రం కదిలేవి కావు. ఆడుతూ చేతులు కదలకపోవడమేమిటో నాకు బోధపడలేదు. పక్క సీటు వికాస్‌ను అడిగితే, "మ్యామ్ కీ పూజా కా టైమ్ హై, డిస్టర్బ్ మత్ కర్" అన్నాడు. అందరూ దాన్ని పూజ అనే పిలిచేవాళ్ళు.

మూడో నెల మొదట్లో నేను గేములో ఒక గదిలో పడ్డాను. నీళ్ళ ట్యాంకు వెనక రెండు పైపులు ఉంటాయి. కుడి పైపుకు వీపు ఆనించి, కవచం మీది దీపం వెలిగించి, పక్కకు దూకితే గోడలోంచి జారిపోయాను. అవతల పటంలో లేని గది. తయారుచేసినవాళ్ళు మొదలుపెట్టి మరిచిపోయిన చోటు కాబోలు. పురుగులు లేవు, తలుపులు లేవు. ఒక బల్ల, ఒక పెద్ద కిటికీ. కిటికీలో రెండు చందమామలు, ఒకటి చాలా నెమ్మదిగా మరోదాని వెనక్కి పోతోంది. ఆ గేము మొత్తం మీద ఆకాశం కనబడేది అక్కడొక్కచోటే. నా మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి, కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకున్నాను. రెండో చందమామ పూర్తిగా మరుగయ్యేదాకా చూశాను. గడియారం చూసుకుంటే నలభై నిమిషాలు గడిచాయి. నలభై నిమిషాల్లో నాకు ఒక్క పురుగును కాల్చాలని గాని, ఒక్క తలుపు తెరవాలని గాని అనిపించలేదు.

తరవాత రిపోర్టు రాశాను. పడేదాకా చేసినవి పదకొండు అడుగులు, మూడే ముక్కలు. ఆటగాడు గోడలోంచి బయట పడిపోతున్నాడు, బయటికి వచ్చే దారి లేదు, పడకూడదు. టేపులో పడిన నిమిషం రాశాను. కిటికీ గురించి రాయలేదు.

ఆవిడ మర్నాడు సాయంత్రం నన్ను పిలిచింది. రిపోర్టు బల్ల మీద ఉంది. ఒక్క చోటా దిద్దుబాటు లేదు. "ఎంతసేపున్నవ్ ఆడ?" అని అడిగింది.

పని వేళలో ఊరికే కూర్చున్నానని ఎలా చెప్పను? ఉద్యోగం ఖాయమవుతుందో లేదో తేలే రోజు. "రెండు నిమిషాలు మేడమ్" అన్నాను.

"గంతేనా?"

"అంతే మేడమ్."

ఆవిడ తల ఊపింది. "మంచి రిపోర్టు. నీ కాగితం మీద గూడ సంతకం చేసిన, పో." నేను మెట్లు దిగుతూ ఎందుకు సంతోషంగా లేనో ఎంత ఆలోచించినా తెలియలేదు. ఆ రోజు డైరీలో ఉద్యోగం ఖాయమైందని ఒక్క వాక్యమే ఉంది.

పదిహేను రోజులకు సరిదిద్దిన గేము వచ్చింది. మూసే పని నాది కనక ట్యాంకు వెనక్కి వెళ్ళి, కుడి పైపుకు వీపు ఆనించి దూకాను. గోడ. మళ్ళీ దూకాను, గోడ. ఆవిడ ఎప్పుడు వచ్చిందో, నా కుర్చీ వెనక నిలబడి ఉంది. "ఇంకోసారి" అంది. దూకాను. "ఇంకోసారి." ఇరవై సార్లైంది, ముప్పై అయింది. వికాస్ కూడా తన ఆట ఆపి చూస్తున్నాడు. రిపోర్టు మూసేముందు బాగా పరీక్షించాలన్నది ఆవిడ పద్ధతే. కాని ప్రతి "ఇంకోసారి"కీ గొంతు కొంచెం తగ్గుతోంది. చివరికి వంగి, నా భుజం మీంచి తెర మీదికి వేలు చూపిస్తూ అంది.

"అట్ల గాదు. ఎడమ పైపు. భుజం తిప్పి, సగం ఎగిరినంక కవచం వెలిగించి దుంకు."

నా రిపోర్టులో కుడి పైపు తప్ప ఎడమ పైపు మాట లేదు. పదకొండు అడుగుల్లో ఎక్కడా లేదు. గోడ వైపు సీటు, కదలని చేతులు, పది నిమిషాల పూజ అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. ఆవిడ చెప్పినట్టే దూకాను. నా మనిషి గోడకు కొట్టుకుని కింద పడింది.

"మంచిగనే మూసిండ్రు" అంది. నడుం నిటారుగా చేసుకుని, "ఠీక్ హై. మూసెయ్" అంది. నేను మూసేశాను.

ఎందుకు పంపింది? తప్పు కాదని రాసి నా రిపోర్టును పక్కన పెట్టే అధికారం ఆవిడకు ఉంది. అన్ని రోజులుగా తెలిసి కూడా తను ఎందుకు రాయలేదు? తప్పును దాచడం మా పనిలో అన్నింటికన్నా పెద్ద తప్పని మాకు నేర్పింది ఆవిడే. నా ఉద్యోగం కోసం పంపిందనుకుంటే సిగ్గుగా ఉంటుంది. రెండు నిమిషాలన్నాను కనక, ఆ గది నాకు ఏమీ కానిదని నమ్మి పంపిందనుకుంటే ఇంకా కష్టంగా ఉంటుంది. నలభై నిమిషాలని అప్పుడే చెప్పి ఉంటే ఏం చేసేది? అడగాలని వారం రోజులు అనుకున్నాను. భోజనాలయ్యాక ఆవిడ హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మానేసి, మాతో పాటు టీకి కిందికి రావడం మొదలుపెట్టింది. చాయ్‌వాలా దగ్గర అందరి మధ్యా అడిగే ప్రశ్న కాదు అది.

నాలుగు నెలలకు ఆవిడ వేరే ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళిపోయింది. వెళ్ళేరోజు కేకు కోశారు. వికాస్ ఏదో జోకు వేశాడు. నేను "ఆల్ ది బెస్ట్ మేడమ్" అన్నాను. "సదువుడు బందు పెట్టకు" అంది నాతో. అంతే. ఆవిడ సీటు నాకిచ్చారు. సొరుగులో దూది చుట్ట, ఖాళీ స్పిరిట్ సీసా, దాని వెనక ఒక టేపు. చెరిపే డబ్బాలో ఉండాల్సిన టేపు. దాని మీద నా రిపోర్టు సంఖ్య, కింద తెలుగులో రెండు మాటలు, మొదటిది నా పేరు: "సుమ. చెరపొద్దు." ఆ ఆఫీసులో అది చదవగలిగింది నేనొక్కదాన్నే.

అందరూ టీకి వెళ్ళాక దాన్ని రికార్డరులో పెట్టాను. వెనక్కి తిప్పి ఉంటుందనుకున్నాను. తిప్పలేదు. బటన్ నొక్కగానే కిటికీ కనబడింది. రెండో చందమామ అప్పుడే మరుగైంది, బల్ల మీంచి నా మనిషి లేచి నిలబడింది. అంటే ఆవిడ ఆ నలభై నిమిషాలూ చూసి, అక్కడ ఆపింది. నన్ను అడగకముందే చూసిందా, మూసేశాక చూసిందా? టేపు అది చెప్పదు. ముందే చూసి ఉంటే, నేను అబద్ధమాడుతున్నానని తెలిసే తల ఊపిందన్నమాట.

ఇప్పుడు మా ఆఫీసులో టేపులు లేవు, అంతా కంప్యూటర్లోనే ఎక్కుతుంది. ఆ టేపు నా డైరీల వరసలో నిలబెట్టి ఉంది. దాన్ని నేనూ వెనక్కి తిప్పలేదు. కొత్తగా చేరినవాళ్ళ రిపోర్టులు ఇప్పుడు నా దగ్గరికి వస్తాయి. మూడు ముక్కలే రాయమంటాను. వాళ్ళు రాసిన నిమిషం దగ్గర ఆగకుండా రికార్డింగు చివరిదాకా చూస్తాను. ఎప్పుడైనా ఎవరైనా ఒక మూల, కాల్చకుండా, కదలకుండా, ఆకాశం వైపో నీళ్ళ వైపో చూస్తూ చాలాసేపు నిలబడిపోయి కనిపిస్తారు. వాళ్ళను పిలిచి, అక్కడ ఎంతసేపున్నావని అడుగుతాను. ఎందుకు అడుగుతానో, ఏ జవాబు కోసం చూస్తానో నాకే స్పష్టంగా తెలియదు. కిందటి వారం ఒక అమ్మాయి, నాకంటే కూడా మెల్లగా మాట్లాడే పిల్ల, నేల చూపులు చూస్తూ "దో మినిట్, మ్యామ్" అంది.

నేను తల ఊపాను.