కడియం కింది గాటు

పోయిన వారం మా దవాఖానలో ఒక ముసలమ్మ పరీక్ష బల్ల ఎక్కుతుంటే ఆమె కాలి కడియం ఇనుప మెట్టుకు తగిలి ఠంగుమంది. అంత బరువు కడియాలు ఇప్పుడు వేసుకునేవాళ్ళు ఎక్కడున్నారు? చేతిలోని కాగితం పక్కన పెట్టి ఆ కాలి వంకే చూస్తూ ఉండిపోయాను. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. నిజానికి ఆ ఒక్క చప్పుడుతో నేను సిద్దిపేట దవాఖాన వరండాలో, డాక్టర్ రాంబాయమ్మ పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాను.

అవి రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులు. హైదరాబాదులో వైద్యం చదివి బయటికొచ్చిన నాకు సర్జన్ కావాలని పిచ్చి. ఆడ డాక్టరంటే కాన్పులు చెయ్యాలి, కత్తి పట్టే పని మగవాళ్ళది అనుకునే కాలమది. అక్కడి పెద్ద సర్జన్ నా పోరు పడలేక చివరికి ఒక షరతు పెట్టాడు. ఏడాదిపాటు సిద్దిపేటలో రాంబాయి దగ్గర పనిచేసి, పెద్ద ఆపరేషన్లు నా చేత్తో చేసి వస్తే తన దగ్గర చేర్చుకుంటాడు. లేకపోతే నోరు మూసుకుని కాన్పుల వార్డుకు పోవాలి. ఆయన మనసు మార్చుకోకముందే ట్రంకుపెట్టె సర్దుకుని బస్సెక్కాను.

రాంబాయమ్మది బెజ్జంకి వైపు. పొట్టి మనిషి. ఆపరేషన్ బల్ల అందక, మందులు వచ్చిన చెక్కపెట్టెను బోర్లించి దానిమీద నిలబడేది. కళ్ళద్దాలు జారకుండా వెనకాల దారంతో కట్టుకునేది. నోట్లో వక్కపలుకు లేని సమయం ఆపరేషన్ సమయం ఒక్కటే. నేను తెచ్చిన సర్టిఫికెట్లు చూపించబోతే అవి పెట్టెలో దాచుకోమని, నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. తరవాత మంచం నులకకు ఒక దారం కట్టి, ఒంటిచేత్తో ముడి వెయ్యమంది. కుడిచేత్తో వేశాను. ఎడమచేత్తో వెయ్యమంది. దారం జారిపోయింది. "ఎడమ చెయ్యి నిద్రపోతుంది పిల్లా. ముందుగాల దాన్ని లేపు" అంది. ఆనాటినుంచి అన్నం తిన్నాక కూడా నాకు నులకమంచమే దిక్కయింది. ముడి కుదిరితే మెచ్చుకునేది కాదు, ఇంకొంచెం సన్నటి దారం ఇచ్చేది.

రెండు మూడు చిన్న కోతలు ఆమె పక్కన నిలబడి చూశాను. ఇక కత్తి నా చేతికి వస్తుందనుకుంటుండగా, తొలకరి వానలతో కలరా వచ్చింది. జనం దాన్ని గత్తర అనేవారు, ఆ పేరు కూడా గట్టిగా పలికేవారు కాదు. కోహెడ నుంచి, ధూళిమిట్ట నుంచి ఎడ్లబండ్లు వరస కట్టాయి. మంచాలు చాలక ఆపరేషన్ గది ఖాళీ చేసి అక్కడా చాపలు పరిచాం. ఆపరేషన్ బల్ల వరండాలోకి వచ్చి, ఉప్పునీళ్ళ సీసాలు పెట్టుకునే అరుగైంది. గజ్జలో పేగు ఇరుక్కున్నవాళ్ళు, కడుపులో గడ్డలున్నవాళ్ళు అసలు దవాఖాన ఛాయలకే రావడం మానేశారు. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందన్నట్టు, సర్జన్ కావడానికి వచ్చిన నేను పొద్దస్తమానం వాంతులూ విరేచనాలూ ఎత్తించే పనిలో పడ్డాను. నా ఏడాది నా కళ్ళముందే కరిగిపోతుంటే ఏడుపొచ్చేది.

ఆ జబ్బులో ఒంట్లోని నీరంతా పోయి నరాలు అణిగిపోతాయి. సూది గుచ్చుదామంటే దొరకవు. అందుకని కాలి చీలమండ దగ్గర, లోపలివైపు ఎముక పక్కన చిన్న గాటు పెట్టి, నరాన్ని వెతికి పట్టి, దారంమీద పైకెత్తి, సన్న గొట్టం దూర్చి ఉప్పునీళ్ళు ఎక్కించాలి. రోజంతా అదే పని. ఒకనాడు ఉండబట్టలేక, ఇలాగైతే నేను కాన్పుల వార్డుకు పోవలసిందేనని, ఒక్క ఆపరేషన్ కూడా నేర్చుకోలేదని ఆమె మీద విరుచుకుపడ్డాను.

ఆమె గొట్టం కడుగుతూనే విన్నది. "కోతంటే కడుపే అనుకుంటివా? కడుపుల పేగు యాడికి పోతది, నీకోసమే ఎదురుచూస్తది. గీ నరం అట్ల కాదు, దాగుతది. దాగినదాన్ని పట్టుకున్ననాడు చెప్పు, పని నేర్వలేదని" అంది. నాకు ఆ మాట రుచించలేదు. ఏదో ఒకటి చెప్పి నన్నిలా సముదాయిస్తోందనుకున్నాను.

మల్లవ్వ వచ్చింది ఆ రోజుల్లోనే. కోహెడ పక్క పల్లె, ఇరవై నిండని పిల్ల. మొగుడూ అత్తా బండిలో వేసుకొచ్చారు. కళ్ళు లోపలికి పోయి, చేతివేళ్ళు ముడతలు పడిపోయాయి. గాటు పెడదామని చూస్తే, సరిగ్గా పెట్టవలసిన చోట వెండి కడియం ఉంది. కంసాలి కాలికి పెట్టి బిగగొట్టిన కడియం. పట్టకారు తెప్పించి దాన్ని తీసెయ్యమన్నాను. అంతే, అత్త లేచి కోడలి కాళ్ళ మీద అడ్డంగా పడింది.

"కడియాలు తీసుడు మా ఇండ్లల్ల రెండే పార్లు బిడ్డా. మొగడు పోతె, లేకుంటె మనిషే పోతె. నా కొడుకు గాడ నిలవడ్డడు. నా కోడలికి పానమున్నది. నువ్వెందుకు తీస్తవు?"

మొగుడు అప్పటికే బండి కట్టడానికి పోతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ప్రాణం పోతుంటే వెండి గొడవేమిటని నేను కేకలు వేస్తుండగా రాంబాయమ్మ వచ్చింది. చాప మీద చతికిలబడి, మల్లవ్వ పిక్కకు ఇంత నూనె రాసి, కడియాన్ని మెల్లగా పైకి తోసింది. మామూలు రోజుల్లో అది అంగుళం కదిలేది కాదు. నీరు పోయి పిక్క చిక్కిపోయిందేమో, కడియం మోకాలి కిందిదాకా పోయింది. రాంబాయమ్మ తన కొంగు అంచు చింపి, జారకుండా దాని కింద కట్టు కట్టింది.

"తీస్తలేనవ్వా, జరుపుతున్న. నీ కోడలి కడియం నీ కోడలి కాలి మీదనే ఉంటది, సూస్కో" అంది. ముసలామె తడిమి చూసుకుని పక్కకు జరిగింది. రాంబాయమ్మ నావైపు తిరిగి కత్తి నా చేతిలో పెట్టింది.

మల్లవ్వ బతికింది. బండెక్కే ముందు అత్త కడియాన్ని కిందికి జరిపి, రెండుసార్లు తట్టి చూసుకుని నవ్వింది. ఆ సాయంత్రం నేను రాంబాయమ్మను అడిగాను, కొంగు చింపుకునే ఉపాయం ఎవరు నేర్పారని. ఎవరూ నేర్పలేదంది. వక్కపలుకు నోట్లో వేసుకుని తనే చెప్పింది.

"నా కడియాలు చిన్నప్పుడే తీసిన్రు. మొగని మొకం గుడ సరిగ ఎరుకలేదు నాకు. కంసాలాయన సుత్తెతోని కొడుతుంటే మా అవ్వ చెవులు మూసుకున్నది. గా చప్పుడు నా దవాఖానల వద్దు పిల్లా."

అప్పటినుంచి నాకు ఆమెంటే భయం పోయి, మరొకటి మొదలైంది. దాన్ని ప్రేమ అనడానికి ఇప్పుడు నాకేం సిగ్గు లేదు. కడియం జరపడం, కట్టు కట్టడం, గాటు పెట్టడం మా ఇద్దరికీ ఒకే పనైపోయింది. నా చీరలన్నిటికీ అంచులు పోయాయి. ఇంటికి పోయినప్పుడు మా అమ్మ వాటిని చూసి ఎలకలు కొట్టాయా అని అడిగింది.

వానలు వెనకబడ్డాక, జబ్బు ఇక తగ్గిందనుకుంటుండగా, ఒక మధ్యాహ్నం రాంబాయమ్మ వరండాలో నిలబడ్డది నిలబడ్డట్టే కూలబడింది. పొద్దుటినుంచి కడుపులో బాగాలేకపోయినా ఎవరికీ చెప్పలేదట. బల్ల మీది సీసాలు తీసేసి ఆమెను దాని మీదే పడుకోబెట్టాం. నాడి అందడం లేదు. గొంతు బొంగురుపోయి మాట గాలిలా వస్తోంది. కాంపౌండరు సీసా పట్టుకుని నిలబడ్డాడు. నేను కత్తి పట్టుకున్నాను. అందరి కాళ్ళూ కోసిన నాకు ఆ కాలు ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది.

"నా కాలికి కడియం లేదు పిల్లా. నీకు అడ్డమేం లేదు. కానియ్."

గాటు పెట్టాను. నరం కనిపించలేదు. ఎముక పక్కన, కొవ్వు కింద, తెల్లటి దారప్పోగులాగా అణిగి ఉంది. దాగినదాన్ని ఎడమచేత్తో పట్టాను. ఆ చేత్తోనే ముడి వేశాను. గొట్టం లోపలికి పోయి నీళ్ళు దిగడం మొదలయ్యాక గాని నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. పొద్దువాలేసరికి ఆమె చెంపల్లో కాస్త రంగు వచ్చింది. లేచి కూర్చున్నాక చేసిన మొదటి పని, కట్టు విప్పి చూసుకోవడం. "ఒక్క కుట్టు వంకర పోయింది" అని వక్కపలుకు అడిగింది.

జబ్బు పూర్తిగా వదిలేసరికి నా ఏడాది నిండింది. హైదరాబాదుకు నాతో ఆమె కూడా బయలుదేరింది. దవాఖానకు దారం, గొట్టాలు తెచ్చుకోవాలంది. పెద్ద సర్జన్ ముందు ఇద్దరం నిలబడ్డాం. ఎన్ని పెద్ద ఆపరేషన్లు చేశావని ఆయన అడిగాడు. ఒక్కటీ చెయ్యలేదన్నాను. కలరా వచ్చిందని, గది మూతపడిందని చెప్పాను. ఆయన నిజంగానే జాలిపడ్డాడు. కాన్పుల వార్డులో కూడా మంచి పని ఉంటుందని, చింతించవద్దని అంటుండగా రాంబాయమ్మ ఒక స్టూలు లాగి, ఆయన ఎదురుగా దాని మీద కాలు పెట్టింది. చీర కుచ్చెళ్ళు నాలుగు వేళ్ళంత పైకెత్తింది.

"గిది ఈ పిల్ల పెట్టిన గాటు. అప్పుడు నాకు నాడి లేదు, నరం పోగంత లేదు. కడుపు ఎవ్వరైన కోస్తరు సార్. గిది సూసి చెప్పుండ్రి."

ముంజేతి కంకణానికి అద్దమెందుకు? ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చాలాసేపు చూశాడు. వేలితో ఆ మచ్చను మెల్లగా తడిమాడు. చివరికి ఒక కుట్టు వంకర ఉందన్నాడు. "గది నేను ఎప్పుడో చెప్పిన" అంది రాంబాయమ్మ. ఆ నెలలోనే నేను ఆయన విభాగంలో చేరాను.

తరవాత ఎన్ని కడుపులు కోశానో లెక్క లేదు. ఆమె చెప్పినట్టే పేగులు ఎక్కడికీ పోలేదు, నాకోసమే ఎదురుచూశాయి. ఆమె పోయినప్పుడు నేను బెజ్జంకి పోయాను. స్నానం చేయిస్తున్న ఆడవాళ్ళను కాస్త ఆగమని, ఆ చీలమండను ఒకసారి చేత్తో పట్టుకున్నాను. వంకర కుట్టు గుర్తు అలాగే ఉంది.

పోయిన వారం వచ్చిన ముసలమ్మకు కడియం కింద పుండు పడింది, చీము పట్టింది. మా కుర్ర డాక్టరు చూసి, కడియం కత్తిరించే సాధనం తెమ్మని నర్సుకు చెబుతున్నాడు. ముసలమ్మ కాలు వెనక్కి లాక్కుంది. నేను కర్ర పట్టుకుని లేచి, ఆ పిల్లవాణ్ణి పక్కకు జరగమని, బల్ల పక్కన కూర్చున్నాను. నూనె తెమ్మన్నాను.

"తీస్తలేనవ్వా, జరుపుతున్న" అన్నాను. నా చెయ్యి అప్పటికే కొంగు అంచు కోసం వెతుకుతోంది.