వెనక్కి ఎక్కిన కారు

నా చిన్నప్పుడు మా మేనమామకు ఒక కారు ఉండేది. పాల్మాకుల నుంచి లోపలికి పోతే వచ్చే మా పల్లెలో అదొక్కటే కారు. శంషాబాద్‌కు విమానాలు వస్తాయని చెబితే జనం పగలబడి నవ్వే కాలం అది. మా నాన్న షాద్‌నగర్‌లో మిల్లు పనికి పోయి వారానికొకసారి వచ్చేవాడు కనుక అమ్మా, నేనూ, నాలుగేళ్ల తమ్ముడూ తాతయ్య ఇంట్లోనే ఉండేవాళ్లం. మామ అమ్మకు తమ్ముడు. ఇంకా పెళ్లి కాలేదు, కారంటే ప్రాణం.

కారంటే ఏదో ఊహించుకునేరు! ఎవరో డాక్టరు వాడి వాడి వదిలేసిన పాత బుల్లి కారు. ఇంజను వెనక, సామాను పెట్టే చోటు ముందు. చక్రాలు అన్నం తినే పళ్లెం కన్నా కాస్త పెద్దవి, అంతే. ఎడ్లబండ్లు తొక్కి తొక్కి మా బాటలో రెండు పక్కలా గోతులు పడి, నడుమ మట్టి లేచి ఉండేది. కారు కడుపు ఆ మట్టికి గీరుకుంటూ పోయేది. బడి పిల్లలు దాన్ని పొర్లుడు కారు అనేవాళ్లు. అందులో కూర్చుని పోతుంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

నా నోరు అప్పటి నుంచే పెద్దది. పెద్ద చక్రాలు వేయించమని పొద్దున లేస్తే మామ వెంటపడ్డాను. బువ్వ తినేటప్పుడు అదే మాట, పండుకునేటప్పుడు అదే మాట. చివరికి మామ నన్ను వెంటేసుకుని శంషాబాద్ పంచరు దుకాణానికి తీసుకుపోయాడు. అక్కడి పెద్దమనిషి కారు చుట్టూ ఒకసారి తిరిగి తల అడ్డంగా ఊపాడు.

"పెద్ద చక్రమేస్తే సడక్ మీద మస్తుగ ఉరుకుతది. గని ఎక్కుడు కాడ సతాయిస్తది. దీని గేర్లు చిన్న చక్రం సూసి పెట్టినయి. పెద్ద పెద్ద అంగలేసెటోనికి గుట్టెక్కుతుంటే దమ్ము పోదా? గట్లనే ఇది గూడ."

మామ నా ముఖం చూశాడు. నేను మూతి ముడిచాను. ఆ పెద్దమనిషి చెప్పింది నాకు బాగానే అర్థమైంది. పదకొండేళ్ల దాన్ని, అంగలంటే తెలియదా? అయినా మూతి విప్పలేదు. మామ నవ్వి, "ఎయ్యన్నా, బిడ్డ మోజు పడ్డది" అన్నాడు. చక్రాలు తగలకుండా రేకు అంచులు సుత్తితో కొట్టి వంచారు. నాలుగు నిమ్మకాయలు నా చేత్తోనే చక్రాల కింద పెట్టాను.

పెద్దరోడ్డు ఎక్కాక ఏం చెప్పను! కారు ఇదివరకు అరిచినట్టు అరవలేదు, తేలిపోయింది. ముల్లు నలభై చూపిస్తోంది కానీ కిలోమీటరు రాళ్లు దాని కన్నా తొందరగా వచ్చేస్తున్నాయి. చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఇప్పుడు ఎక్కువ దూరం పోతుంది కదా, ముల్లుకు ఆ సంగతి తెలియదని మామ నవ్వాడు. బస్సును దాటేశాం. నేను బస్సులో వాళ్లకు చేయి ఊపాను.

కానీ ఇల్లు చేరాక చిన్న చిక్కు వచ్చింది. కారు పెట్టే కొట్టానికి ముందు బండలు పరిచి ఎత్తు కట్టారు. ముందు మాదిరి నేరుగా ఎక్కించబోతే ఇంజను ఆగిపోయింది. మామ రెండుమూడుసార్లు చూసి, విసిగి, కారు తిప్పి వెనక్కి నడిపి ఎక్కించాడు. అప్పటి నుంచి రోజూ అలాగే పెట్టేవాడు. తాతయ్య అరుగు మీద కూర్చుని చుట్ట తాగుతూ చూసేవాడు. మాకెవరికీ దాని గురించి ఆలోచించే తీరిక లేదు.

సీతాఫలాల కాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం తమ్ముడు నోటినిండా పండు పెట్టుకుని కోడిపిల్ల వెంట ఉరికాడు. ఉరుకుతూ ఉరుకుతూ ఆగి గొంతు పట్టుకున్నాడు. దగ్గాడు. పెదాలు నల్లబడ్డాయి. అమ్మ వీపు మీద చరిచింది, తలకిందులు చేసింది. కొంచెం ఊపిరి వచ్చింది కానీ ప్రతి ఊపిరికీ లోపలి నుంచి సన్నటి ఈల లాంటి చప్పుడు. ఊరి కంపౌండరు చెవి ఆనించి విన్నాడు. గింజ ఊపిరి గొట్టంలో పడ్డది, పట్నం దవాఖానకు ఇప్పుడే తీసుకుపోండి, ఏడవనియ్యకండి అన్నాడు. ఏడిస్తే అది ఇంకా లోపలికి జారుతుందట.

అందరం కారులో పడ్డాం. అమ్మ ఒళ్లో తమ్ముడు, పక్కన నేను, ముందు మామా, తాతయ్యా. అందరి చెవులూ ఆ ఈల మీదే ఉన్నాయి. అది వినిపిస్తే భయం, ఒక్క క్షణం ఆగితే అంతకు పది రెట్లు భయం.

మా ఊరికీ పెద్దరోడ్డుకీ నడుమ ఒక వాగు. వాగు దాటగానే నిట్టనిలువు మొరం ఎక్కుడు. పెద్ద చక్రాలు వేసిన నాటి నుంచి మామ ఒక్కడే ఉండి, దూరం నుంచి ఊపు మీద వచ్చి దాన్ని ఎక్కించేవాడు. ఆ రోజు ఐదుగురం. పైగా వానలకు వాగులో ఇసుక మేట వేసి, ఊపు అందలేదు. సగం ఎక్కి కారు గజగజ వణికి ఆగిపోయింది. మళ్లీ కిందికి జారాం. రెండోసారి అంతే. మూడోసారి తాతయ్యా నేనూ దిగి తోశాం, కాలిన వాసన వచ్చింది కానీ కారు కదలలేదు.

"ఎక్కియ్యిరా తమ్మీ, నీ కాల్మొక్త! పోరని పానం పోతది!" అని అమ్మ లోపలి నుంచి మొత్తుకుంది. నేను కిటికీ పట్టుకుని నిలబడ్డాను. పంచరు దుకాణం పెద్దమనిషి చెప్పిన ప్రతి మాటా చెవుల్లో గింగురుమంటోంది. నా వల్లనే, నా వల్లనే అని గొణుక్కుంటున్నాను. తమ్ముడు నన్నే చూస్తున్నాడు. వాడి ముక్కుపుటాలు ఎగిరిపడుతున్నాయి. దేవుడా, ఆ చూపు పగవాళ్లకు కూడా వద్దు.

తాతయ్య కారు ముందుకు వచ్చాడు. ఆయన జన్మలో స్టీరింగు ముట్టినవాడు కాదు, బావి దగ్గర ఎడ్లను ముందుకూ వెనక్కూ నడిపి, మోట కొట్టి నీళ్లు తోడి బతికిన మనిషి.

"ఒరేయ్, కొట్టంలకు రోజు ఎట్ల ఎక్కిస్తున్నవ్?"

"గిప్పుడు గదేంది బాపూ!"

"ఎన్కకు ఎక్కుతది గదరా. మర్లేసి ఎన్కకు ఎక్కియ్యి."

మామ గబగబా ఇసుకలో కారు తిప్పాడు. ఆ బండిలో వెనక్కి నడిపే గేరు మొదటి గేరు కన్నా చిన్నదని మాకు తర్వాత తెలిసింది. చిన్న చిన్న అంగలు వేసే గేరన్నమాట. మామ తల బయటికి పెట్టి వెనక్కి చూస్తూ క్లచ్ మెల్లగా వదిలాడు. కారు అరుస్తూ, నత్తలాగా, వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. తాతయ్య ఒక పక్కన, నేను ఒక పక్కన చెరో రాయి పట్టుకుని నడిచాం. కారు ఆగినప్పుడల్లా చక్రానికి పల్లం వైపు రాయి పెట్టేవాళ్లం, కదలగానే తీసేవాళ్లం. వేళ్లు చితికాయో లేదో కూడా నేను చూసుకోలేదు. అమ్మ లోపల కూర్చుని కిందికి పోతున్న ఊరిని చూస్తూ మైసమ్మకు మొక్కింది.

పెద్దరోడ్డు ఎక్కాక అవే చక్రాలు గాలిలా ఉరికాయి. దవాఖానలో గొట్టం వేసి గింజ తీశారు. నల్లగా, నా చిటికెన గోరంత ఉంది. తమ్ముడు పెట్టిన ఏడుపుకు మేమందరం నవ్వాం, అమ్మ అయితే నవ్వుతూనే నేల మీద కూలబడింది.

డాక్టరుగారు మాత్రం కోప్పడ్డారు. "ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదండీ. ఇంతసేపు ఏం చేశారు?"

నేను మామ వెనక నక్కాను. మామ ముందుకు జరిగి నిలబడ్డాడు. "తప్పు నాదే సార్. షోకుకు పెద్ద చక్రాలేసిన. ఎక్కుడు ఎక్కలే."

వారం తిరిగేలోగా పాత చక్రాలు మళ్లీ బిగించాడు. ఆ పూట కొట్టంలో మామ దగ్గర కూర్చుని, అమ్మకు నిజం చెప్పేస్తానని ఏడ్చాను. మామ పానా కింద పెట్టాడు. "ఏసింది నేను గద బిడ్డా, నువ్వా? అక్క నన్ను తిడ్తది, మల్ల బువ్వ పెడ్తది. నిన్ను తిడితే నీకు జన్మంత యాదికుంటది. ఊకో."

అమ్మ తిట్టింది. ఒకరోజు కాదు, ఏళ్ల తరబడి తిట్టింది. మేం వేరే ఇంటికి పోయాక కూడా, పండక్కీ పబ్బానికీ మామ మా ఇంటికి వస్తే చాలు, నీ షోకు మన్నుగాను, నా కొడుకును చంపబోతివి కదరా అనేది. మామ తల వంచుకుని నవ్వేవాడు. నేను వంటింట్లోకి పోయేదాన్ని.

మామ పోయిన పన్నెండో రోజు అమ్మ గోడకానుకుని కూర్చుని, ఏడుస్తూ కూడా ఆ చక్రాల మాటే ఎత్తింది. ఇక ఆగలేకపోయాను. అప్పటికి నాకు నలభై దాటాయి. అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, చక్రాలు అడిగింది నేనే అని చెప్పాను.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నాకెరుక లేదానే? ఎక్కుడు కాడ కిటికీ పట్టుకొని 'నా వల్లనే' అంటివి. నేను ఇనలేదనుకున్నవా? మీ మామ తప్పు నీ మీదికి రానియ్యలే. వాడు జేసింది నేనెందుకు చెడగొట్టాలె? అందుకే వాన్నే తిట్టిన."

ముప్పై ఏళ్లు నేను దాచాననుకున్నది, వాళ్లిద్దరూ కలిసి నా కోసం మోశారు.

ఇప్పుడు మా ఇంటి మీదుగా పొద్దంతా విమానాలు పోతుంటాయి. ఎక్కుడు లేదు, దాన్ని చదును చేసి రోడ్డు వేశారు. మనవలు ఏదో ఒకటి పగలగొట్టి బిక్కమొహాలేసుకుని నా వెనక నక్కుతారు. కోడలు ఎవరు చేశారని అడుగుతూ వస్తుంది. నేనే చేయమన్నానమ్మా అంటాను. ఆమె నన్ను నాలుగు మాటలు అని పోతుంది. అననీ.