పాపను ఎత్తుకోని తల్లి

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం. నందిగామలోని నా ఎముకల ఆసుపత్రికి వీరులపాడు వైపు నుంచి ఒక జంట ఎనిమిది నెలల పాపను తీసుకొచ్చారు. తొడ ఎముక విరిగింది. పాప తండ్రి శ్రీను చేతుల్లో ఉంది. తల్లి కల్యాణి కొంగులో చేతులు చుట్టుకుని గోడ పక్కన నిలబడింది.

"ఎలా జరిగిందమ్మా?" అని అడిగా.

"డైపర్ మార్చడానికి కాళ్ళు పట్టుకుని ఎత్తానండి. టక్కుమంది."

ఒళ్ళంతా తీయించిన ఎక్స్‌రేల్లో కొత్త దెబ్బతో పాటు, పక్కటెముకల మీద మానుతున్న పాత విరుగుళ్ళు కనిపించాయి. ఇంకా నడవని పిల్లకు ఇలా ఉంటే, ఎవరో కొడుతున్నారని మేం ముందు అనుమానిస్తాం. పొరపాటున ఆ మాటంటే తల్లి నుంచి పాపను వేరు చేస్తారు. అనకుండా ఇంటికి పంపితే, పాప ప్రాణాలతో మళ్ళీ రాకపోవచ్చు.

పాపను వార్డులో ఉంచి, పిల్లల సంరక్షణ అధికారికి ఫోన్ చేశా.

శ్రీను ఒక్కడే నా గదిలోకొచ్చాడు. "నేను పొలం వెళ్ళాక ఏం జరుగుతుందో నాకు తెలీదండి. మా అమ్మ కల్యాణినే అంటోంది."

కల్యాణిని విడిగా పిలిచి సూటిగానే అడిగా. ఆమె కోపగించుకోలేదు. "నాకే తెలీకుండా గట్టిగా పట్టుకుంటున్నానేమోనండి. నా చేతులంటే నాకే భయం. పాలు కూడా పక్కన పడుకోబెట్టే ఇస్తున్నా."

సాయంత్రం రౌండ్స్‌లో పాప కంట్లో టార్చి వేసి చూశా. తెల్లగుడ్డు లేత నీలంగా ఉంది. పసిపిల్లలకు కొంత అలా ఉండొచ్చు. తలెత్తితే శ్రీను కళ్ళూ అలాగే ఉన్నాయి; పెద్దవాళ్ళకు అలా ఉండకూడదు.

"చిన్నప్పుడు ఎముకలు విరిగాయా?"

"చెయ్యి రెండు మూడుసార్లండి. చెట్లెక్కేవాణ్ణిగా."

ఎముకంటే కాల్షియం ఒక్కటే కాదు. దాన్ని పట్టి ఉంచేది కొలాజెన్ అనే ప్రోటీన్, మూడు పేటల తాడులాంటిది. జన్యువులో లోపముంటే ఆ తాడు చాలినంత తయారవదు. కొందరిలో పేటలు పేనుకోవడమే ఆలస్యమై, ఈలోగా వాటికి చక్కెర అణువులు అవసరానికి మించి అతుక్కుంటాయి. అలాంటి తాడు సరిగా అల్లుకోదు, ఎముక పెళుసవుతుంది. రక్తంలో కాల్షియం మాత్రం మామూలుగానే ఉంటుంది. కంటి తెల్లగుడ్డులోనూ ఉండేది ఇదే ప్రోటీన్, అది పలచబడితే నీలంగా కనిపిస్తుంది. ఈ జబ్బు పేరు ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా.

జన్యు పరీక్షకు పాపదీ, తల్లిదండ్రులదీ రక్తం హైదరాబాద్ పంపాం. ఫలితం వచ్చేదాకా నాకు సరిగా నిద్రలేదు. లోపం కొలాజెన్‌లోనే, తండ్రి వైపు నుంచి వచ్చిందని తేలింది. ఆ సంగతి సంరక్షణ అధికారికీ చెప్పా.

తర్వాత శ్రీను వరండాలో ఫోన్‌లో అంటుంటే విన్నా: "అమ్మా, కల్యాణిని ఇంకేం అనొద్దు. అది నా నుంచే వచ్చిందంట."

కల్యాణి భయం మాత్రం పోలేదు. "మెల్లగా పట్టుకున్నా విరుగుతుందన్నమాటేగా, మేడం?"

విరగొచ్చనే చెప్పా. ఒక చెయ్యి తల, భుజాల కింద, ఇంకో చెయ్యి పిరుదుల కింద పెట్టి ఎత్తడం నేర్పా. కల్యాణి అలాగే చేతులు పెట్టి ఎత్తుకుంది. పాప ఆమె మెడలో మొహం దాచుకుంది.

ఆ తర్వాత కూడా పాపకు ఎముకలు విరిగాయి. విజయవాడలో ఎముకలు గట్టిపడే మందు ఎక్కిస్తున్నారు. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

అప్పటినుంచి పసిపిల్లల ఎముక విరిగిందంటే ఇంటిల్లిపాది కళ్ళూ చూస్తున్నా. అయినా నిశ్చింత లేదు. పెళుసు ఎముకల పిల్లల్ని కొట్టేవాళ్ళూ ఉండొచ్చు. ఒక కారణం దొరికింది కదాని రెండోదాన్ని వెతకడం ఆపకూడదని ఈ కేసు నేర్పింది. ఆ వెతికేటప్పుడు ఎదురుగా ఉన్నది తన చేతులకు తనే భయపడుతున్న తల్లి కావచ్చని కూడా.